తెర మీద పోకర్, టేబుల్ మీద పోకర్: ఆట ఒకటే, సరుకు వేరు

పేక అదే, 52 ముక్కలూ అవే, నియమాలూ అవే. అయినా ఫోన్‌లో ఆడే పోకర్‌నీ, తొమ్మిదిమంది మధ్య కుర్చీ లాక్కుని ఆడే పోకర్‌నీ ఒకే సరుకు అనుకునేవాళ్ళు రెండుచోట్లా నష్టపోతారు. తేడా ఏమిటని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒక్కటే: ఒకచోట ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది, రెండోచోట కనిపించదు. నిజానికి అది నాలుగో తేడా. గంటకు ఎన్ని హ్యాండ్లు పంచుతారు, ప్రతి పాట్‌లోంచి (అందరి పందేలూ చేరే మొత్తం) నిర్వాహకులు ఎంత కోస్తారు, ఫ్లాప్ (బల్ల మీద అందరికీ పరిచే మొదటి మూడు ముక్కలు) చూడటానికి ఎంతమంది మిగులుతారు అనేవి మొదటి మూడు. ఆట మార్చుకోవాల్సింది ముఖ్యంగా వీటిని బట్టే.

ఈ సమీక్ష నో లిమిట్ హోల్డెమ్ క్యాష్ గేమ్ గురించి: చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ అయిదు (ఫ్లాప్ మూడు, తర్వాత టర్న్, చివర రివర్), పందేనికి పై హద్దు ముందున్న డబ్బే. టోర్నమెంట్ల మాట ఒక్కచోట వస్తుంది. డబ్బు పెట్టి ఆడటం చాలా ప్రాంతాల్లో నిషేధం. కొన్నిచోట్ల ఆన్‌లైన్‌కి ఒక చట్టం, టేబుల్‌కి ఇంకో చట్టం. మీరున్న చోట సంగతి తేల్చుకున్నాకే మిగతాది చదవండి.

వేగం

ఆన్‌లైన్‌లో ఆరుగురి టేబుల్ మీద గంటకు 70, 80 హ్యాండ్లు నడుస్తాయి. నాలుగు టేబుళ్ళు తెరిస్తే 300. ఫోల్డ్ (ముక్కలు పారేయడం) నొక్కగానే కొత్త టేబుల్‌కి తీసుకెళ్ళే ఫాస్ట్ ఫోల్డ్ రకంలో ఒక్క కిటికీలోనే 200 దాటిపోతుంది. కార్డ్ రూమ్‌లో డీలర్ చురుకైనవాడై, పేక కలిపే యంత్రం కూడా ఉంటే 30, మహా అయితే 35. చేత్తో కలిపేచోట 25కి పడిపోతుంది. ఆన్‌లైన్‌లో ఒక్క గంటలో నాలుగు టేబుళ్ళ మీద ఆడినన్ని హ్యాండ్లు ఇక్కడ ఆడాలంటే పది గంటలు కూర్చోవాలి.

దీనివల్ల మొదట దెబ్బతినేది ఓపిక. మంచి ఆటగాడు తొమ్మిదిమంది టేబుల్ మీద అయిదింట నాలుగు హ్యాండ్లు పారేస్తాడు. ఆన్‌లైన్‌లో అది తెలియను కూడా తెలియదు, పక్క కిటికీలో ఇంకో హ్యాండ్ సిద్ధంగా ఉంటుంది. టేబుల్ మీద మాత్రం ఇరవై నిమిషాలు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి రావచ్చు. ఆ విసుగులోనే తొలి స్థానాల్లోంచి (అందరికంటే ముందు ఆడాల్సిన కుర్చీలు) రాజు-జాకీ వేరే రంగులవి, ఆసు-తొమ్మిది లాంటివి ఆడటం మొదలవుతుంది. ఆన్‌లైన్ నుంచి వచ్చినవాళ్ళ డబ్బు మొదట కారేది ఈ చిల్లులోంచే.

రెండోది లెక్క తేలడం. గెలుపు రేటును ఆన్‌లైన్‌లో వంద హ్యాండ్లకు ఇన్ని బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం; పక్కవాడు పెట్టే సగం స్మాల్ బ్లైండ్) అని, టేబుల్ మీద గంటకు ఇన్ని అని కొలుస్తారు. ఆరుగురి టేబుల్ మీద వంద హ్యాండ్లకు ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటుకు అటూఇటూ ఎంత ఊగుతాయో చెప్పే అంకె) సుమారు 90 బిగ్ బ్లైండ్లు. ఆ లెక్కన లక్ష హ్యాండ్లు ఆడాక కూడా సగటులో 2.8 దాకా పొరపాటుకు చోటుంటుంది, జాగ్రత్తగా చూస్తే దానికి రెట్టింపు. అంటే వందకు 3 చొప్పున గెలుస్తున్నట్టు కనిపించే ఆటగాడు అసలు గెలిచేవాడే కాకపోవచ్చు. టేబుల్ మీద వెయ్యి గంటలంటే 30,000 హ్యాండ్లే. తొమ్మిదిమంది టేబుల్ మీద విచలనం 80 అనుకున్నా పొరపాటు 4.6 తేలుతుంది. ఏడాదంతా వారాంతాల్లో ఆడి 'నేను గెలుస్తున్నాను' అనేవాడి చేతిలో ఉన్నది నమ్మకం, లెక్క కాదు.

కోత

నిర్వాహకులు తీసుకునే రేక్‌ని 'ఐదు శాతమే, పది శాతమే' అని శాతాల్లో చూస్తే ఏమీ అర్థం కాదు. పై పరిమితి ఎంత, ఎంతమంది పంచుకుంటున్నారు, గంటకు ఎన్నిసార్లు తీస్తున్నారు అనేవి కలిపి చూడాలి. తొమ్మిదిమంది టేబుల్ మీద గంటకు 30 హ్యాండ్లు, అందులో 20 పాట్లలోంచి సగటున 2 బిగ్ బ్లైండ్లు తీస్తున్నారనుకుందాం. గంటకు 40, మనిషికి దాదాపు నాలుగున్నర. డీలర్‌కి టిప్ ఇచ్చే ఆనవాయితీ ఉన్నచోట ఇంకో ఒకటిన్నర కలపండి. మనిషికి గంటకు 6, అంటే వంద హ్యాండ్లకు 20 బిగ్ బ్లైండ్లు.

ఇక ఆన్‌లైన్. ఆరుగురి టేబుల్, వంద హ్యాండ్లలో 45 ఫ్లాప్ దాకా వెళ్తాయి, సగటు పాట్ 16 బిగ్ బ్లైండ్లు, కోత ఐదు శాతం. మొత్తం 36, మనిషికి 6. హ్యాండ్ చొప్పున చూస్తే కార్డ్ రూమ్ మూడు రెట్లకు పైగా ఖరీదు. అయినా అక్కడ గెలిచేవాళ్ళు ఉన్నారంటే ఆ ఎదురు కూర్చునేవాళ్ళు అంత బలహీనంగా ఆడతారని అర్థం. మీ టేబుల్ మీద అలాంటి వాళ్ళు ఇద్దరన్నా లేకపోతే ఆ కోతను దాటడం ఎవరి తరమూ కాదు. లేచి వేరే టేబుల్ చూసుకోవాలి.

ఫ్లాప్ పడకపోతే కోత లేదు అనే నియమం చాలాచోట్ల ఉంది. దాన్ని వాడుకోవాలి. స్మాల్ బ్లైండ్‌లో ఉండి ఒకరి రైజ్‌ని (పందెం పెంచడం) ఊరికే కాల్ చేయడం (అంతే పెట్టి నిలవడం) కోత ఎక్కువున్న ఆటలో దాదాపు ఎప్పుడూ నష్టమే: స్థానం చెడ్డది, పాట్ చిన్నది, అందులోంచి వాటా పోతుంది. తిరిగి రైజ్ చేయడమో, పారేయడమో. పాట్‌లోంచి కాకుండా అరగంటకింత అని కుర్చీ అద్దె తీసుకునే రూమ్‌లలో లెక్క తిరగబడుతుంది. అక్కడ చిన్న పాట్లు ఎన్ని గెలిచినా అదనపు ఖర్చు లేదు, ఊరికే కూర్చున్నవాడికే నష్టం.

కొన్ని రూమ్‌లు ప్రతి పాట్‌లోంచి జాక్‌పాట్ పేరుతో ఇంకొంచెం తీస్తాయి. అది మీ చేతికి తిరిగి వచ్చే అవకాశం ఎంత తక్కువో తెలిసిందే కాబట్టి దాన్నీ కోతలోనే కలిపేయండి. ఆన్‌లైన్‌లో రేక్‌బ్యాక్ (తీసిన కోతలో కొంత వెనక్కి ఇవ్వడం) దీనికి సరిగ్గా వ్యతిరేకం, దాన్ని కోతలోంచి తీసేయాలి. స్వాగత బోనస్ మాత్రం ప్రకటనలో ఉన్నంత రాదు. ఎంత ఆడితే ఎంత విడుదల అవుతుంది, ఎన్ని రోజుల్లో అని నిబంధనల్లో ఉంటుంది. చిన్న స్థాయిలో నెమ్మదిగా ఆడేవాడికి గడువులోపు సగం కూడా రాదు.

ఆన్‌లైన్ రూమ్‌లో చూడాల్సినవి

ముందు సెట్టింగ్స్. నాలుగు రంగుల పేక పెట్టుకోండి: డైమన్ నీలం, కళావరు ఆకుపచ్చ. నలుపు ఎరుపుల్లో ఇస్పేటు, కళావరు ఒకటే అనిపించి ఫ్లష్ (అయిదు ముక్కలూ ఒకే గుర్తువి) ఉందనుకునే తప్పు రాత్రి పదకొండు తర్వాత అందరూ చేస్తారు. పందెం జారుడు పట్టీని నమ్మకండి, వేలు కాస్త జారితే 6 అనుకున్నది 60 అవుతుంది. ఫ్లాప్‌కి ముందు రెండున్నర బిగ్ బ్లైండ్లు, తర్వాత పాట్‌లో మూడో వంతు, సగం, ముప్పావు, పూర్తి అని బటన్లు కట్టుకునే వీలు లేని యాప్‌కి మార్కులు తగ్గించాల్సిందే.

మీ వంతు రాకముందే నొక్కిపెట్టుకునే 'చెక్ లేదా ఫోల్డ్' బటన్ (పందెం లేకపోతే ఊరుకోవడం, ఉంటే పారేయడం) సౌకర్యంగా ఉంటుంది కానీ గుట్టు విప్పుతుంది. రెప్పపాటులో చెక్ వచ్చిందంటే చేతిలో ఏమీ లేదని ఎదుటివాడికి చెప్పినట్టే. హ్యాండ్ ఏదైనా రెండు మూడు సెకన్లు ఆగి నొక్కే అలవాటు చేసుకోవాలి. ఇంటర్నెట్ తెగితే ఏమవుతుందో ముందే చదువుకోండి. టైమ్ బ్యాంక్ (ఆలోచించడానికి ఇచ్చే అదనపు సమయం) అయిపోయాక చాలా రూమ్‌లలో ఫోల్డే. మొబైల్ డేటా మీద నాలుగు టేబుళ్ళు నడపడం పిచ్చిపని. ఫోన్ తెర మీద రెండుకు మించితే పాట్ అంకెలు కూడా కనిపించవు.

ఎదుటివాళ్ళ అంకెలు చూపించే హెచ్‌యూడీ కొన్ని రూమ్‌లలో ఒప్పుకుంటారు, కొన్నింటిలో ఖాతా మూసేస్తారు. ఒప్పుకునేచోట రెండు అంకెలతో మొదలుపెట్టండి: ఇష్టపూర్వకంగా డబ్బు పెట్టిన హ్యాండ్ల శాతం, ఫ్లాప్‌కి ముందు రైజ్ చేసిన శాతం. ఆరుగురి టేబుల్ మీద 24, 19 ఉన్నవాడు ఆట తెలిసినవాడు. 45, 8 ఉన్నవాడు ప్రతిదానికీ కాల్ చేసేవాడు, మీ లాభం అక్కడుంది. ఈ రెండూ 40, 50 హ్యాండ్లలోనే ఒక రూపానికి వస్తాయి. మూడో పందెం (రైజ్ మీద మళ్ళీ రైజ్) శాతానికి కొన్ని వందలు కావాలి, రివర్ మీద అంకెలకు వేలు. పన్నెండు హ్యాండ్లు చూసి 'వీడు రివర్ మీద వంద శాతం బ్లఫ్' అని కాల్ చేసేవాళ్ళకు ఈ సాధనం లేకపోవడమే మేలు.

పేక నిజంగా కలుస్తుందా అనే అనుమానం పాతదే, దానికో ఆధారమూ ఉంది. 1999లో, ఆన్‌లైన్ పోకర్ రూమ్‌లకు ప్రోగ్రామ్ ఇచ్చే ఏఎస్ఎఫ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పేక కలిపే పద్ధతిని పరిశోధకులు విప్పి చూశారు. 52 ముక్కల పేకకు సాధ్యమయ్యే వరసలు 8 తర్వాత 67 సున్నాలంత. ఆ ప్రోగ్రామ్ మాత్రం అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను విత్తనంగా (వరస మొత్తాన్ని తేల్చే తొలి అంకె) తీసుకునేది. అంటే రోజుకు 8.64 కోట్ల వరసలే. చేతిలోని రెండు, ఫ్లాప్‌లోని మూడు కలిపి అయిదు ముక్కలు తెలిస్తే మిగతా పేకంతా పట్టేయగలిగారు. ఇప్పుడు పేరున్న రూమ్‌లు బయటి సంస్థలతో తనిఖీ చేయించుకుంటాయి, ఆ ధ్రువపత్రం లేనిచోట ఆడకండి. ఇక 'నా ఆసుల జత ఎప్పుడూ ఓడుతోంది' అనే గోడుకి కారణం వేగమే. గంటకు పదిరెట్లు హ్యాండ్లు చూస్తే పదిరెట్లు చేదు ఓటములు కనిపిస్తాయి. హాస్యమేమిటంటే చేత్తో కలిపే పేకే అసలు తక్కువ కలుస్తుంది: పేక బాగా కలవాలంటే సుమారు ఏడు రిఫుల్స్ (పేకను రెండు భాగాలు చేసి ఒకదానిలోకి ఒకటి జార్చి కలపడం) కావాలని 1992లో గణితవేత్తలు బేయర్, డయాకోనిస్ లెక్కగట్టి చూపించారు. డీలర్లు మామూలుగా చేసేది మూడు రిఫుల్స్, మధ్యలో ఒకసారి గుత్తులుగా తీసి వేయడం, చివర ఒకసారి పేకను రెండుగా తీసి కిందిది పైన పెట్టడం.

ఇప్పటి అసలు ప్రమాదం పేక కాదు, సలహా. ఆరుగురి టేబుల్ మీద వృత్తి ఆటగాళ్ళను ఓడించిన ప్లూరిబస్ ప్రోగ్రామ్ వచ్చింది 2019లో. సాల్వర్లు (ఏ పరిస్థితిలో ఎలా ఆడాలో లెక్కగట్టే ప్రోగ్రాములు) ఎవరైనా కొనుక్కోవచ్చు. పక్క తెర మీద సాల్వర్ పెట్టుకుని ఆడేవాళ్ళను పట్టుకోవడం రూమ్ పని. రూమ్ ఆ పని చేస్తోందా లేదా అనేది తెలిసేది మోసంలో పట్టుబడ్డ ఖాతాల డబ్బును బాధితులకు తిరిగి ఇచ్చిందా అన్నదాంట్లోనే. రెండోది, ఆటగాళ్ళ డబ్బు కంపెనీ ఖర్చుల ఖాతాకు విడిగా ఉందా అన్నది. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద రూమ్‌ల మీద కేసు పెట్టినప్పుడు వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్‌లో ఆటగాళ్ళ డబ్బు విడిగా లేదని తేలింది, జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. అందుకే రూమ్‌లో ఉంచేది ఆడటానికి సరిపడేంతే. మొదటి వారంలోనే చిన్న మొత్తం ఒకటి వెనక్కి తీసి చూడండి. వేయడానికి నిమిషం, తీయడానికి పదిరోజులు అయితే ఆ రూమ్ గుణం అప్పుడే తెలిసిపోతుంది.

కార్డ్ రూమ్‌లో చేతి పని

ఆన్‌లైన్‌లో తప్పు చేయనివ్వని పనులన్నీ ఇక్కడ మీ చేతిలోనే ఉంటాయి. డబ్బు పోయేది ఎక్కువగా ఈ కింది చోట్లే.

నోరు విప్పకుండా ఒక్క పెద్ద చిప్ వేస్తే అది కాల్ కిందే లెక్క, దాని విలువ ఎంతైనా సరే. రైజ్ కావాలంటే ముందు 'రైజ్' అనాలి. చిప్స్ కొన్ని పెట్టి, మళ్ళీ స్టాక్ (ముందున్న చిప్స్ గుట్ట) దగ్గరికి చేయి తీసుకెళ్ళి ఇంకొన్ని పెడితే రెండో విడత చెల్లదు. 'నీ ఇరవై, దాని మీద ఇంకో...' అని సాగదీసి చెప్పేది కూడా ఇలాంటిదే, కాల్‌గా ఆగిపోతుంది. మొత్తం అంకె ఒకేసారి చెప్పి తర్వాత చిప్స్ కదపడం క్షేమం. అన్న మాట చిప్స్ కంటే ముందు చెల్లుతుంది.

ముక్కల మీద ఒక చిప్ గానీ చిన్న బరువు గానీ పెట్టండి. డీలర్ పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. కాపలా లేని ముక్కలను డీలర్ పారేసిన గుట్టలో కలిపేస్తే ఆ హ్యాండ్ చచ్చినట్టే, పొరపాటు ఎవరిదైనా. షోడౌన్‌లో (చివర ముక్కలు చూపించేటప్పుడు) రెండు ముక్కలూ తిప్పి బల్ల మీద పరచండి, 'ఫ్లష్' అని నోటితో చెప్పి ఊరుకోకండి. పాట్ మీ ముందుకు వచ్చేదాకా ముక్కలు వదలకండి. పాట్ తప్పు మనిషికి తోయడం డీలర్లు చేసే పొరపాట్లలో మామూలుదే. తర్వాతి హ్యాండ్ మొదలైతే ఇక వెనక్కి రాదు.

పాట్ ఎంతుందో ఇక్కడ తెర మీద రాదు. నో లిమిట్‌లో డీలర్ లెక్కపెట్టి చెప్పడు కూడా. కాబట్టి ఫ్లాప్ పడేలోపు ఒక గుణకారం చేసుకోవాలి: 12కి రైజ్, నలుగురు కాల్, మొత్తం 60, పారేసిన బ్లైండ్లు (1, 2) కలిపితే 63. తర్వాత ప్రతి పందెం దీనికి కూడుతూ పోవాలి. ఎదుటివాళ్ళ స్టాక్‌లు ఎక్కువగా ఇరవై చిప్స్ దొంతరలుగా ఉంటాయి, దొంతరలు లెక్కపెడితే చాలు. ఆన్‌లైన్‌లో పదేళ్ళు ఆడినవాళ్ళు కూడా మొదటి రోజు తడబడేది ఈ లెక్క దగ్గరే: 150 పాట్‌లో 40 పందెం వేసి అది సగం అనుకుంటారు.

ముక్కలు పంచగానే చూడకండి, మీ వంతు వచ్చినప్పుడే చూడండి. ఆలోపు మీ ఎడమ పక్కవాళ్ళు తమ ముక్కలు చూస్తున్నప్పుడు వాళ్ళ చేతులు గమనించండి. చిప్స్ చేతిలోకి తీసుకున్నవాడు ఆడబోతున్నాడు, ముక్కలు అంచున పట్టుకున్నవాడు పారేయబోతున్నాడు. స్థానం (ఎదుటివాళ్ళ తర్వాత ఆడే మేలు) లేకుండానే స్థానం దొరికినట్టు.

పందేల పరిమాణం మారితే ఆటంతా మారుతుంది

ఆన్‌లైన్‌లో మొదటి రైజ్ రెండు నుంచి రెండున్నర బిగ్ బ్లైండ్లు. ఒక్కరే కాల్ చేస్తారు, అదీ ఎక్కువగా బిగ్ బ్లైండ్. 100 బిగ్ బ్లైండ్లతో కూర్చుంటే పాట్ ఐదున్నర, వెనక (స్టాక్‌లో మిగిలేది) 97.5. స్టాక్‌కి పాట్‌కి నిష్పత్తి దాదాపు 18. ఇంత లోతులో ఒక్క జతతో స్టాక్ మొత్తం పెట్టడం తప్పు. అదే చిన్న స్థాయి కార్డ్ రూమ్‌లో రెండున్నరకు రైజ్ చేస్తే ఆరుగురు కాల్ చేస్తారు, అందరూ నవ్వుతూనే చేస్తారు. అక్కడ 4, 5 బిగ్ బ్లైండ్లు, ముందు లింప్ చేసినవాళ్ళు (రైజ్ చేయకుండా బిగ్ బ్లైండ్ అంతే పెట్టినవాళ్ళు) ఒక్కొక్కరికి ఇంకొకటి చొప్పున కలపాలి. 6కి రైజ్ చేశారు, ముగ్గురు వచ్చారు, బ్లైండ్లు పారేశారు: పాట్ 25.5, వెనక 94. నిష్పత్తి 3.7. ఆసుల జత, రాజుల జత, ఆసు-రాజుకు పై జత తగిలితే ఇక పెద్దగా ఆలోచించే పని లేదు, రెండు మూడు పందేల్లో డబ్బంతా లోపలికి వెళ్ళిపోతుంది. రంగు కలిసిన 7-6 లాంటివాటికి మాత్రం విలువ పడిపోతుంది, ఎందుకంటే వాటికి కావాల్సింది లోతు.

బ్లైండ్ కాపాడుకోవడం కూడా ఇంతే. రెండున్నర రైజ్‌కి బిగ్ బ్లైండ్ ఇంకో ఒకటిన్నర పెడితే చాలు, 27 శాతం గెలుపు అవకాశం ఉంటే కాల్‌కి సరిపోతుంది. 6 బిగ్ బ్లైండ్ల రైజ్‌కి 5 పెట్టాలి, మధ్యలో ఎవరూ లేకపోతే 40 శాతం కావాలి. ఆన్‌లైన్ చార్టు (ఏ హ్యాండ్ ఆడాలో చెప్పే పట్టిక) బట్టీపట్టి వచ్చి, బిగ్ బ్లైండ్‌లో సగం హ్యాండ్లు కాల్ చేసేవాళ్ళు ఈ ఒక్క తేడా పట్టించుకోకే మునుగుతారు.

చిన్న జతలతో సెట్ (చేతిలోని జతకు బల్ల మీద మూడోది కలవడం) కోసం వెళ్ళడం: ఫ్లాప్‌లో సెట్ పడేది 11.8 శాతం, ఎనిమిదిన్నరకు ఒకసారి. కాల్‌కి పెట్టినదానికి కనీసం పదిహేను, ఇరవై రెట్లు ఎదుటివాడి స్టాక్‌లో ఉండాలి. 100 బిగ్ బ్లైండ్ల స్టాక్, 6 రైజ్ అంటే పదిహేనున్నర రెట్లు, సరిహద్దు. వెనక ఇంకో ఇద్దరు వచ్చేలా ఉంటేనే వెళ్ళండి. ఎవరైనా స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే బిగ్ బ్లైండ్‌కి రెట్టింపు) పెట్టారంటే అందరి స్టాక్‌లూ సగమైనట్టే అని మరిచిపోకండి: 100 ఉన్నవాడు ఇప్పుడు 50తో ఆడుతున్నాడు.

బ్లఫ్ విషయంలో ఒక చిన్న లెక్క చాలు. పాట్‌లో సగం పందెం వేస్తే మూడింట ఒకసారి అందరూ పారేస్తే చాలు, లాభమే. ఒక్కడే ఎదురుండి అరవై శాతం పారేస్తాడనుకుంటే బ్రహ్మాండం. అదే ముగ్గురు ఎదురుండి ఒక్కొక్కరూ అరవై శాతం పారేస్తే, ముగ్గురూ కలిసి పారేసేది 21.6 శాతమే. అదే పందెం, అదే ఫ్లాప్, ఇప్పుడు నష్టం. ఆన్‌లైన్‌లో ఇద్దరి పాట్‌లో దాదాపు ప్రతి ఫ్లాప్‌కీ మూడో వంతు పందెం వేసే అలవాటును నలుగురి పాట్‌లోకి తీసుకురాకూడదు. అక్కడ ఆసుల జత కూడా నలుగురు ఎదురుంటే చివరిదాకా 56 శాతమే గెలుస్తుంది. ఒక్కడే ఉంటే 85. కాబట్టి బలమైన హ్యాండ్‌తో పందెం పెద్దది వేయండి, పాట్‌లో ముప్పావు, కొన్నిసార్లు పూర్తి పాట్. కాల్ చేయడానికి వచ్చినవాళ్ళు సగానికి కాల్ చేసే హ్యాండ్‌తోనే ముప్పావుకీ కాల్ చేస్తారు. సమతూకం, శ్రేణి రక్షణ అంటూ సాల్వర్ భాష మాట్లాడే అవసరం ఈ స్థాయిలో రాదు.

రెండోవైపు కూడా చూడాలి. గంటల తరబడి ఊరికే కాల్ చేస్తూ కూర్చున్నవాడు టర్న్ మీదో రివర్ మీదో ఒక్కసారిగా రైజ్ చేస్తే మీ ఒక్క జత ఓడిపోయిందనే అనుకోండి. ఆన్‌లైన్‌లో ఇలా ప్రతిసారీ పారేస్తే ఆట తెలిసినవాళ్ళు దోచేస్తారు, అక్కడ ఎంతోకొంత కాల్ చేయక తప్పదు. కార్డ్ రూమ్‌లో అలాంటివాడు బ్లఫ్ చేయడానికి పెద్దగా సాహసించడు. ఫ్లాప్‌కి ముందు మూడో పందెం సంగతీ అంతే. ఆన్‌లైన్‌లో ఎనిమిది, పది శాతం హ్యాండ్లతో చేస్తారు, ఇక్కడ చాలామందికి అది రాణుల జత నుంచి పైకి, ఆసు-రాజు, అంతే. ఆసు-జాకీ, రాజు-రాణి మారుమాట లేకుండా పారేయవచ్చు.

ముఖం చదవడం గురించి ఇక రెండు ముక్కలు. పెద్ద పందెం పెట్టాక చేతులు వణికితే అది ఎక్కువగా బలమే, భయం కాదు. ఫ్లాప్ చూడగానే కళ్ళు తన చిప్స్ వైపు పోతే పందెం రాబోతోంది. వీటన్నిటికంటే నమ్మదగింది పందెం పరిమాణమే: మామూలుగా 10 వేసేవాడు ఈసారి 18 వేశాడంటే జాకీలో రాణులో పట్టుకుని కాల్ వద్దనుకుంటున్నాడు.

టోర్నమెంట్లలో నిమిషాలు చూసి మోసపోకండి. కార్డ్ రూమ్‌లో 30 నిమిషాల లెవెల్ (బ్లైండ్లు మళ్ళీ పెరిగేదాకా ఉండే గడువు) అంటే 15 హ్యాండ్లు. ఆన్‌లైన్‌లో 10 నిమిషాల లెవెల్ అంటే 10, 12. చూడ్డానికి మూడు రెట్లు నెమ్మది, ఆడితే తేడా అంత లేదు. 20 నిమిషాల లెవెల్స్ ఉన్న కార్డ్ రూమ్ టోర్నమెంట్ ఆన్‌లైన్‌లో 10 నిమిషాల లెవెల్స్ ఉన్నదానితో దాదాపు సమానం. దానికి ఓపిగ్గా కూర్చునే పద్ధతి పనికిరాదు.

టేబుల్ నుంచి తెరకు

ఈ దిశలో దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కార్డ్ రూమ్‌లో హాయిగా గెలిచే స్థాయికి సమానమైన బ్లైండ్లతో ఆన్‌లైన్‌లో కూర్చుంటే ఎదురుండేది ఆ ఆటనే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు. అయిదో వంతు బ్లైండ్లతో, వీలైతే అంతకంటే కిందినుంచి మొదలుపెట్టండి. పక్కన పెట్టుకునే డబ్బు కూడా టేబుల్ మీద 20, 30 బై-ఇన్‌లు (ఒకసారి కూర్చోవడానికి కొనే చిప్స్ మొత్తం) చాలితే ఇక్కడ 30 నుంచి 50, ఎందుకంటే లాభం సన్నం, ఊగిసలాట ఎక్కువ.

మానుకోవాల్సినవి: లింప్ చేయడం, 5 బిగ్ బ్లైండ్ల రైజ్‌లు, బటన్ (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే కుర్చీ) నుంచి వచ్చే రైజ్‌కి బిగ్ బ్లైండ్‌లో బిగుసుకుపోవడం. బటన్ మీద నలభై శాతం పైగా హ్యాండ్లతో రైజ్ చేసేవాళ్ళు ఇక్కడ మామూలు. మీరు పదిహేను శాతంతోనే ఎదురు నిలిస్తే మీ బ్లైండ్లు రోజంతా వాళ్ళ జీతం. మొదటి నెల ఒక్క టేబులే తెరవండి, ఫాస్ట్ ఫోల్డ్ జోలికి వెళ్ళకండి. అక్కడ ఎదుటివాడెవరో గుర్తుపట్టేలోపే మారిపోతాడు, టేబుల్ మీద మీకు అబ్బిన బలమంతా మనిషిని గుర్తుపట్టడంలోనే ఉంది.

ఆన్‌లైన్ రూమ్ ఇచ్చేవాటిలో కార్డ్ రూమ్ ఎప్పటికీ ఇవ్వలేనిది హ్యాండ్ హిస్టరీ, అంటే ఆడిన ప్రతి హ్యాండ్ రికార్డు. సెట్టింగ్స్‌లో అది మీ కంప్యూటర్‌లో దాచేలా పెట్టుకోండి, కొన్ని రూమ్‌లలో మొదట ఆపేసి ఉంటుంది. వారానికోసారి 30 బిగ్ బ్లైండ్లు దాటి పోయిన పాట్లు మాత్రం వడకట్టి, అందులో రివర్ కాల్స్ విడిగా తీయండి. పాట్ అంత పందేనికి కాల్ చేస్తే 33 శాతం, సగం పందేనికి 25 శాతం గెలవాలి. మీ కాల్స్ నిజంగా ఎంత శాతం గెలిచాయో పక్కన రాయండి. టేబుల్ నుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడ తేలేది చాలావరకు ఒకటే: పెద్ద రివర్ పందేలకు మరీ ఎక్కువ పారేస్తున్నారు, చిన్నవాటికి మరీ ఎక్కువ కాల్ చేస్తున్నారు.